గేటవతల ఆవిడ

"మీ కుక్క ఆడదేనా తల్లీ?"

గేటవతల నిలబడ్డ నడివయసావిడ జయశీలని అడిగింది. ఆవిడ చూపు మాత్రం కుక్క మీద లేదు. గుమ్మంలో ఆడుకుంటున్న చిన్నారి స్టెఫీ మీద ఉంది.

"ఆడదే. అయితే ఏటి?"

"పశువులాసుపత్రిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సేత్తన్నారు. ఇంట్లో పెంచుకునేవాటికి కూడా. ఖర్చంతా గవర్నమెంటుదే. నువ్వు ఊఁ అంటే నానే తీసుకెల్లి, కుట్లు మానేక తెచ్చి అప్పజెప్తాను."

జయశీల తన కుక్క పింకీని దగ్గరికి లాక్కుంది.

"ఊరికే సేసే ఆపరేషన్ ఎలాగుంటాదో నాకు తెల్దా? నోరులేని జీవాన్ని కోయించడం పాపం. ఎల్లమ్మా."

ఆవిడ కదల్లేదు.

"పాపని ఒక్కర్తినీ సందులోకి పంపుతావా?"

జయశీల కూతుర్ని ఎత్తుకుని లోపలికెళ్లి గడియ పెట్టేసింది.

ఆ తర్వాత కూడా ఆవిడ వస్తూనే ఉంది. తల్లిని అడిగేది కుక్క సంగతి. చూసేది పిల్లని. ఎండలో, అలా, రెప్ప వేయకుండా.

మల్కాపురంలోని ఆ సందులో ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషని మాత్రం అందరూ అనుకున్నారు.

ఒక పొద్దున్న స్టెఫీ కెవ్వుమంది.

జయశీల పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ పాప రెక్క పట్టుకుని సందులోంచి గేటు లోపలికి లాగుతోంది.

"నా పిల్లని ఒగ్గేయ్!"

ఇరుగుపొరుగు మూగారు. పక్కింటి అప్పలసూరి ఆవిడ జబ్బ పట్టుకుని సందు చివరిదాకా ఈడ్చుకుపోయాడు. ఆవిడ ఎదురు తిరగలేదు. వెనక్కి చూస్తూ ఒకటే మాట అంటూ పోయింది.

"కుక్క ఎదకొచ్చింది తల్లీ. పాపని బయటికి పంపకు."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ మళ్లీ రాలేదు.

కుక్కలు వచ్చాయి. పింకీ కోసం ఎక్కడెక్కడివో గేటు ముందు చేరి ఒకదాన్నొకటి పీక్కున్నాయి. వాటి మధ్యలోకి స్టెఫీ ఎప్పుడు వెళ్లిందో జయశీల చూసుకోలేదు. పోర్టు డ్యూటీ దిగి వస్తున్న ఆమె భర్త డేవిడ్ రాజు హెల్మెట్‌తో వాటిని కొట్టి కూతుర్ని పైకెత్తాడు.

పాప భుజం మీద కుట్లు మానాయి. జయశీలకి మాత్రం గేటు వైపు చూడాలంటే భయం. ఎవరూ లేని ఆ చోట రెప్ప వేయని చూపు అలాగే నిలిచి ఉన్నట్టుండేది.

పింకీ ఈని, కూనలు పాలు మానాక, జయశీల దాన్ని పశువులాసుపత్రికి తీసుకెళ్లింది.

"ఆపరేషన్లు ఆగిపోనాయమ్మా," అన్నాడు అటెండరు పోలిరాజు. "పైనుంచి డబ్బు రాట్లేదు. ఇంతకుముందు ఆగినప్పుడల్లా గౌరీశ్వరమ్మ ఆఫీసుల సుట్టూ తిరిగి సాంక్షన్ సేయించీది. మొన్న ఎండల్లో సనిపోనాది. ఇప్పుడు అడిగీవోల్లే లేరు."

"ఎవరావిడ?"

"పద్మనాభం ఊరి మనిషి. మీ మల్కాపురం సందుల్లోనే ఇంటింటికీ తిరిగీది."

జయశీలకి గేటవతల ఆవిడ గుర్తొచ్చింది.

"ఆవిడకి కుక్కలంటే అంత ప్రేమా?"

"ప్రేమా?" అన్నాడు పోలిరాజు. "కుక్క అరిస్తే ఒణికిపోయీది. ఆవిడా ఒక ఆడకుక్కని పెంచింది, ఆపరేషన్‌కి డబ్బుల్లేక ఊరుకుంది. దాని కోసం గుమ్మం ముందు మూగిన కుక్కల మజ్జిన పడిపోయిన ఆవిడ కూతురు మరి లేగలేదమ్మా."