అడవి శుభ్రంగానే ఉంది

బంద్ లేని ప్రతి ఆదివారం చిక్కడపల్లి నుంచి నల్లమల అడవికి టూరిస్టులను తీసుకెళ్లే మనోరమ, తన డ్రైవర్ ఎల్లేశం ఇంటికి మొదటిసారి వచ్చింది. అశోక్‌నగర్ మురుగు నాలా పక్కన ఒక్క గది. మొన్నటి వానకు కల్వర్టు దగ్గర చెత్త అడ్డుపడి, నాలా గదిలోకి పొంగి, అతని నాలుగేళ్ల కూతుర్ని లాక్కుపోయింది.

మనోరమకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

"నాలాల చెత్త ఏసెటోళ్లను జైల్ల పెట్టాలె ఎల్లేశం! మన టూరిస్టులకు నేర్పినట్టు వీళ్లకెవరు నేర్పాలె?"

నేర్పిన మాట నిజమే. ఆమె టూరు వెళ్లొచ్చాక అడవిలో ఒక్క బిస్కెట్ కవరు కూడా మిగలదు. అంతా సంచుల్లో నింపి వెనక్కి తెస్తారు. బస్సు దిగేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు. ఆ సంచులు ఎటు పోతాయని ఆ చదువుకున్నవాళ్లలో ఒక్కరైనా అడిగారా?

ఎల్లేశం తల ఎత్తలేదు.

"ఎవర్ని పెడ్తరు మేడం జైల్ల? చెత్తకుండీకాడ ఏద్దమంటే, బస్సు నిండ చెత్త ఏందిరా అని గల్లీవోళ్లు కొట్టనీకొచ్చిండ్రు. మిమ్మల్నడిగితె, ఏడనో ఒకకాడ పడెయ్యి, పొద్దుగాల బస్సు సాఫ్ ఉండాలె అన్నరు. నాకు తెల్సిన జాగ మా ఇంటెన్క నాలా ఒక్కటే."

మనోరమ నాలా వైపు తిరిగింది.

"మూడేండ్లు ఏసిన మేడం. పిల్లకు గూడ సరదా ఉండె. చిన్న సంచి నేనేస్త నాయినా అని గుంజుకునేది."