కిటికీ లేని గది

అక్షర దోషాలుంటే మన్నించాలి. మా ఆయన పోయాక పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. కమలమ్మగారు నాకు చెప్పింది చెప్పినట్టే రాశాను.

"కిటికీ లేని గదా? ఓడెక్కి గోడ చూస్తూ కూర్చోవాలా?" అంది కమలమ్మ.

తెనాలి స్టేషన్ దగ్గర ట్రావెల్స్ ఆఫీసు. రెండువేల ఆరు, ఏప్రిల్ నెల. ఆమే, భర్త శేషగిరిరావూ పొద్దున్నే రేపల్లె పాసింజరు దిగి వచ్చారు.

శేషగిరిరావు పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాడు. కళ్ళల్లో నీటికాసులు. చూపు ఇంకో ఏడాది నిలిస్తే గొప్ప అన్నాడు డాక్టరు.

చూపు పోయేలోగా ఆయనకు ఒక్కటే కోరిక. నాలుగు వైపులా ఒడ్డు కనపడని సముద్రం చూడాలి.

మద్రాసు నుంచి సింగపూరు దాకా విమానం. అక్కణ్ణించి మూడు రోజులు ఓడ. జూన్‌లో బయలుదేరే బృందం అది ఒక్కటే.

"కిటికీ ఉన్న గది తీసుకోండి సార్. లేకపోతే వెళ్ళీ దండగ," అన్నాడు ఆఫీసు నడిపే సుమన్.

రేటు విని శేషగిరిరావు లేచి నిలబడ్డాడు.

"పదవే. మన వల్ల కాదులే."

"కూర్చోండి సార్," అన్నారెవరో.

బెంచీ చివర అరవయ్యేళ్ళ మనిషి. గళ్ళ లుంగీ, తెల్ల టోపీ. పేరు బాబూలాల్, ఊరు బాపట్ల అని చెప్పుకున్నాడు.

"గదిలోకి నిద్రకేగదండీ పొయ్యేది. సముద్రం పైన డెక్కు మీద ఉంటది. ఏ గదోళ్ళయినా అక్కడికి రావచ్చు. ఎవురూ అడగరు."

"ఓడ ఊగదూ?" అంది కమలమ్మ.

"కింద, మధ్యలో ఉండే గది తక్కువ ఊగుద్దక్కా. పైన ఉండే కిటికీ గదులే ఎక్కువ ఊగేది."

"మరి తిండో? మేం ఉల్లిపాయ కూడా ముట్టం. కరెంటు కుక్కరూ బియ్యమూ పట్టుకుపోదామనుకుంటున్నా."

"కుక్కరు ఓడ గుమ్మంలోనే తీసేసుకుంటారు. మళ్ళీ దిగేటప్పుడే ఇచ్చేది. ఉల్లి లేని భోజనమని ఇక్కడే రాయించండి. ఓడెక్కాక అడిగితే కుదరదు."

"ఈయనకి కోటు లేదే."

"ఇస్త్రీ చొక్కా చాలు. మీరు పట్టుచీర కట్టుకోండి, దొరసానులే వచ్చి మీ పక్కన నిలబడి ఫొటో దిగుతారు."

శేషగిరిరావు నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

"పైనుంచి చూస్తే ఎలా ఉంటుందండీ సముద్రం?" అని అడిగాడు.

బాబూలాల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"చానా బాగుంటదని అంటారండి."

కమలమ్మ మొగుడి చెవిలో గొణిగింది, అందరికీ వినపడేట్టు.

"కుక్కరు దగ్గర్నించి అన్నీ తెలుసట, సముద్రం మాత్రం చూళ్ళేదట. కమీషన్ మనిషి."

"కిటికీ లేని గదులు అయిపోయాయి సార్," అన్నాడు సుమన్.

"ఒకటుందిగా బాబూ," అన్నాడు బాబూలాల్.

సుమన్ ఆయన వంక అదోలా చూశాడు.

"ఉందనుకోండి. కానీ..."

"సారు పేరు రాయండి."

"ఆలోచించుకునే అంటున్నారా?"

"రాయండి బాబూ."

సుమన్ పుస్తకం తనవైపు తిప్పుకుని రాశాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారని కమలమ్మకు రూఢి అయిపోయింది.

బయటికొస్తూ అడిగేసింది. "ఏమయ్యా, తలకెంత ఇస్తాడేంటి నీకు?"

"తృప్తిగా చూసి రండి అక్కా," అన్నాడు బాబూలాల్. చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

జూన్‌లో ఓడెక్కారు.

పైగదుల వాళ్ళు నిమ్మకాయలు వాసన చూస్తూ పడుకున్నారు. వీళ్ళకు ఒక్క వాంతి లేదు. ఉల్లి లేని పప్పు పూటపూటా వచ్చింది. పట్టుచీర పక్కన నలుగురు దొరసానులు ఫొటో దిగారు.

రెండో రోజు తెల్లవారుజామునే శేషగిరిరావు డెక్కు మీదికి వెళ్ళాడు. ఎండెక్కినా కిందికి రాలేదు.

"ఏమండీ, టిఫిన్ అయిపోతోంది."

"ఉండవే. ఎటు తిరిగినా ఒడ్డు లేదు. ఇంకోసారి చుట్టూ తిరిగి చూడనీ."

దీపావళి నాటికి ఆయనకు వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. అయినా దిగులు పడలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి సముద్రం ఎలా ఉందో చెప్పేవాడు.

ఒకరోజు అన్నాడు. "ఆ బాపట్లాయనకి చెప్పాలే. పాపం, చూడలేదుగా. నువ్వేమో ఆ మాట అంటివి."

కమలమ్మ సున్నుండలు కట్టింది. ఆయన చెయ్యి పట్టుకుని తెనాలి తీసుకొచ్చింది.

"బాబూలాల్ గారా?" అన్నాడు సుమన్. "పోయిన నెల్లోనే పోయారండీ. గుండెపోటు."

కమలమ్మ డబ్బా బల్ల మీద పెట్టింది.

"మీ దగ్గర పనిచేసేవాడు కదూ?"

"నా దగ్గరా? ఆయన మీరెక్కినలాంటి ఓడలోనే పద్దెనిమిదేళ్ళు పనిచేశారండీ. అడుగు అంతస్తులో, ప్రయాణికుల దుప్పట్లు ఉతికే చోట. పైడెక్కు మీదికి ఆ పనివాళ్ళని రానివ్వరట."

శేషగిరిరావు చెయ్యి కుర్చీ కోసం తడుముకుంది.

"మరి ఆ రోజు ఇక్కడికెందుకు వచ్చాడు?" అంది కమలమ్మ.

సుమన్ పుస్తకం తీసి ఆ రోజు పేజీ తిప్పాడు.

"ఒక్కసారి పైకెక్కి సముద్రం చూద్దామని, మీకంటే గంట ముందొచ్చి, తనకూ భార్య ముంతాజ్‌కూ రాయించుకున్న గదండీ అది."

ముంతాజ్, అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు బాపట్లలో మా అమ్మాయి సమ్రీన్ ఇంట్లో ఉంటున్నాను.