ల్యాబ్ నుంచి ఫోను

మొదటి రిపోర్టు వైరస్ ఉందంది. రెండోది లేదంది. మూడోది రెండు మాటలూ ఒకేసారి చెప్పింది.

కళ్లజోళ్ల షాపాయన ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. పదిమందికీ అక్షరాలు కనబడేలా చేసే మనిషికి అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. అర్థమే కావడం లేదు. జ్వరం మాత్రం నెల దాటినా వదల్లేదు. పొద్దున తగ్గినట్టే తగ్గి, సాయంత్రానికి వచ్చి మళ్లీ మంచమెక్కేది.

కింద షాపుకు షట్టర్ దించే ఉంది. పైగదిలో ఆయనొక్కడే. డాక్టరేమో "విశ్రాంతి తీసుకోండి, అదే తగ్గుతుంది" అని, తర్వాతి పేషెంటుని పిలిచేశాడు. వీధి కబుర్లన్నీ నలుగురికీ చేరవేసే పక్క మందుల షాపాయన మాత్రలు సంచిలో వేసి మెట్ల మీద పెట్టి, కిందినుంచే ఓ కేకేసి వెళ్లిపోయేవాడు. ఆ కేక తప్ప మనిషి అలికిడి లేదు.

అలాంటప్పుడు ఫోను మోగింది.

"నమస్కారం సార్, ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నాను. ఒంట్లో ఎలా ఉంది?"

ఎవరో మగమనిషి. ఎప్పుడూ విన్న గొంతు కాదు. ఆ మాట తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు. ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఎలా ఉండటమేంటయ్యా! ఓసారి ఉందంటారు, ఓసారి లేదంటారు. ఇంతకీ ఉన్నట్టా, లేనట్టా?"

"ఏమొచ్చిందో ఒకసారి చదవండి సార్."

ఆయన చదివాడు. అవతల కాగితం మీద పెన్ను గీస్తున్న చప్పుడు వినబడింది.

"కనుక్కుని రేపు చెప్తాను సార్. ముందు మీరు ఏమైనా తినండి. ఖాళీ కడుపుతో టీ మీద టీ తాగకండి."

ఆయన చేస్తున్నది సరిగ్గా అదే. రక్తంలో టీ కూడా కనబడుతుంది కాబోలు అనుకున్నాడు.

అన్నట్టే మర్నాడు ఫోను వచ్చింది.

"ఒక పరీక్ష వైరస్ కోసం వెతుకుతుంది సార్. ఇంకోటి, దానితో మీ ఒళ్లు పోట్లాడిన గుర్తుల కోసం వెతుకుతుంది. దొంగ ఎప్పుడో గోడ దూకి పోయాడు. మీ కుక్కే ఇంకా మొరుగుతోంది."

"మరి అదెప్పుడు నోరు మూస్తుంది?"

"పౌరుషం ఉన్న కుక్క సార్. టైం పడుతుంది."

జ్వరం పట్టుకున్నాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కాస్తా దగ్గులోకి తిరిగింది. దగ్గు తెరిపి ఇచ్చేదాకా అవతలి మనిషి ఫోను పెట్టలేదు.

అప్పటినుంచి సాయంత్రమైతే చాలు, ఫోను దిండు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. కాస్త ఆలస్యమైతే ప్రాణం ఉసూరుమనేది. మాటల మధ్యలో అవతల ఎవరో గుసగుసగా ఏదో అందిస్తున్నట్టు ఉండేది. ల్యాబ్ అన్నాక నలుగురూ ఉంటారు కదా అని సరిపెట్టుకునేవాడు.

ఒకరోజు ఆ ల్యాబ్ అబ్బాయి అడిగాడు. "ఇంట్లో మీకు తోడు ఎవరూ లేరా సార్?"

"చెల్లెలుంది. ఎక్కడో ఉంది. నాకు మాత్రం లేదు."

"అదేంటి సార్?"

"అమ్మానాన్నలు పోయాక నేనే పెంచాను. ఎవర్నో చేసుకుంటానంది. వాడో నేనో తేల్చుకోమన్నాను. తేల్చుకుంది."

"ఆయన అంత చెడ్డవాడా?"

"ఏమో! మొహం చూస్తేగా తెలిసేది. పేరు చెప్పబోతే కూడా చెవులు మూసుకున్నాను."

అవతల ఉలుకూ పలుకూ లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాడు.

"ఉన్నాను సార్," అంది ఆ గొంతు చివరికి. "మాత్ర వేసుకున్నారా?"

మరికొన్నాళ్లకు జ్వరం రావడం మానేసింది. ఆఖరి రిపోర్టు కూడా ఆయనే చదివి వినిపించాడు.

"ఇక భయం లేదు సార్. కుక్క పడుకుంది," అన్నాడు ఆ అబ్బాయి. "ఇంక మీకు నాతో పని లేదు."

ఆయన షట్టర్ ఎత్తాడు. అద్దాల మీద దుమ్ము తుడిచాడు. ఒళ్లు తేలికపడింది. సాయంత్రాలే బరువెక్కాయి. ఫోను మోగలేదు. కొంచెం జ్వరం వచ్చినా బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. ఛీ, ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకున్నాడు.

ఆ అబ్బాయిని ఒక్కసారి కళ్లారా చూసి రావాలని ల్యాబ్‌కి వెళ్లాడు.

"మేం ఎవరికీ ఫోన్లు చెయ్యమండీ," అంది కౌంటర్లో అమ్మాయి. "రిపోర్టు మెసేజ్‌లో వస్తుంది. అంతే."

"రోజూ చేసేవాడమ్మా."

"ఓటీపీ అడిగాడా?"

"తిన్నారా అని అడిగేవాడు."

ఆ అమ్మాయి ఆయన్ని జాలిగా చూసింది. "ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మలేమండీ. ఎందుకైనా మంచిది, ఆ నంబరు బ్లాక్ చెయ్యండి."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడిపోయాడు. మోసమే అయితే, అసలు తన దగ్గర ఏం తీసుకున్నాడని? బ్లాక్ చెయ్యడానికే నంబరు తెరిచాడు. వేలు మాత్రం పక్కనున్న పచ్చగుర్తు మీద పడింది. ఇన్నాళ్లలో తను ఆ నంబరుకి చెయ్యడం అదే మొదటిసారి.

చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా ఎవరో ఎత్తారు. హలో అనలేదు. ఒక ఆడగొంతు గాభరాగా ఇంట్లోకి కేక వేసింది:

"ఏమండీ, త్వరగా రండి, మా అన్నయ్య ఫోను చేస్తున్నాడు!"