పౌడరు డబ్బా

"లాంచీ దగ్గర ఎవడో నీళ్ళలోకి దిగాడు పిన్నీ," అన్నాడు సాల్మన్. పడవ తాడు ఇంకా అతని చేతిలోనే ఉంది.

జీవరత్నం రేవు మెట్ల మీద చేపలు తోముతోంది. తల ఎత్తలేదు.

"కళ్ళకి అద్దం, నోట్లో గొట్టం, కాళ్ళకి బాతు కాళ్ళలాంటి తొడుగులూను. మన బురదలో అద్దం పెట్టుకుని ఏం చూస్తాడో ఏంటో."

ఆమె చేపని తిప్పి రెండో వైపు తోమింది. ఆమె దేనికీ తల ఎత్తక మూడేళ్ళయింది. ఊరు అలవాటు పడిపోయింది.

మూడేళ్ళ కిందట గాలివానకి ఈ లంకకి వస్తూ వస్తూ మునిగిపోయిన లాంచీ అది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పగలగొట్టాక వచ్చిన ఈ వేసవికి నీళ్ళు తగ్గి దాని పైకప్పు బయటపడింది. ఆనాడు పోయినవాళ్ళందరూ దొరికారు. జీవరత్నం కూతురు శాలిని ఒక్కతే దొరకలేదు.

శాలిని విశాఖలో నర్సు. బయల్దేరే ముందు పక్కింటికి ఫోను చేసింది.

"ఒక మాట చెప్పాలమ్మా. ఫోన్లో కాదు, వచ్చి చెప్తాను. తిట్టకూడదు మరి."

ఏం మాటో చెప్పకుండానే పోయింది. జీవరత్నానికి ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు. అన్నం తింటున్నా, చేపలు తోముతున్నా, ఆ మాటేమై ఉంటుందా అని ఒక్కటే ఆలోచన.

"లాంచీ పంకా ఇత్తడి రెక్కలకి ఏలూరులో మంచి రేటుందట," అన్నాడు సాల్మన్. "దానికోసమే దిగుంటాడు."

అప్పుడు తల ఎత్తింది.

"ఈస్టరొస్తోంది. అందరూ వాళ్ళ వాళ్ళ సమాధులకి సున్నం వేసుకుంటున్నారు. నాకున్న సమాధి ఆ లాంచీ ఒక్కటే. దాన్ని ఎవర్నీ తొక్కనివ్వకు సాల్మన్."

మూడేళ్ళలో ఆమె అంత సేపు మాట్లాడటం అదే మొదలు. సాల్మన్ నలుగురిని వెంటేసుకుని వెళ్ళాడు.

కాసేపటికి ఆ మనిషిని రేవుకి తెచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. ఒంటి నిండా గుర్రపుడెక్క వేళ్ళు. చేతిలో తుప్పు పట్టిన పౌడరు డబ్బా ఒకటి. ఎంత లాగినా వదలడం లేదు.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు గుంపులో ఒక ముసలాయన.

"సముద్రం పని చేసేవాణ్ణండీ. ఓడల కింద దిగుతుంటాను."

"మరి కొల్లేట్లో ఏం ఓడలున్నాయని దిగావు?"

జనం నవ్వారు. సాల్మన్ డబ్బా లాక్కుని కత్తితో మూత ఊడదీశాడు. లోపల ముద్ద కట్టిన పౌడరు. అందులో వేలు పెట్టి కెలికితే మెరిసింది.

మంగళసూత్రం. సిలువ గుర్తున్న చిన్న బిళ్ళ.

నవ్వులు ఆగిపోయాయి.

"చచ్చినోళ్ళ సూత్రాలు దోచుకుంటున్నావా?" అని చెంప మీద ఒక్కటిచ్చాడు సాల్మన్.

అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. జనంలో ఎవరికోసమో వెతుక్కున్నాడు.

"ఇక్కడ జీవరత్నంగారంటే ఎవరండీ?"

"నేనే."

"మీతో ఒక మాట చెప్పాలండీ. ఒక్కసారి పక్కకి వస్తే..."

జీవరత్నం అతని వంక చూసింది. చెంప అప్పుడే వాస్తోంది. జాలీ కలగలేదు, కోపమూ రాలేదు.

"దొంగ మాటలు నాకెందుకు? పంపించెయ్యండి."

అతను ఏదో అనబోయాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఊరుకున్నాడు.

"ఆ డబ్బా మాత్రం ఈ ఊళ్ళోనే ఉంచండి," అన్నాడు చివరికి.

"నువ్వు చెప్తే గానీ తెలీదేంటి మాకు," అన్నాడు సాల్మన్.

గుండుగొలనులో బస్సెక్కించి, మళ్ళీ ఇటు కనబడితే కాళ్ళు విరగ్గొడతామని చెప్పి వచ్చారు.

ఈస్టరు ఆదివారం, సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించుకుని జనం చర్చికి వచ్చాక, పాస్టరు దేవరాజు అయ్యగారు ఆ సూత్రాన్ని బల్ల మీద పెట్టారు.

"లాంచీలో దొరికింది. ఎవరి తాలూకో చూసుకోండమ్మా."

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూశారు. ఎవరూ తీసుకోలేదు.

"మా అక్కది ఆ రోజే నా చేతికిచ్చారు కదండీ," అంది విక్టోరియా.

"మా కోడలిదీ మీరే ఇచ్చారు అయ్యగారూ," అంది ఇంకొకామె.

అయ్యగారికీ గుర్తే. చనిపోయిన ఆడవాళ్ళ సూత్రాలన్నీ తన చేత్తోనే తీసి ఆ ఇళ్ళకి అప్పగించారు. ఒక్కటీ తక్కువ కాలేదు.

"మరి ఇది ఎవరి మెళ్ళోదండీ?" అన్నాడు సాల్మన్.

"మెళ్ళోది కాదుగా, డబ్బాలోది," అంది విక్టోరియా. "ఇంట్లో చెప్పేదాకా దాచుకుని ఉంటుంది, ఎవరో పిచ్చిపిల్ల."

అనేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. చివరి బెంచీ మీంచి జీవరత్నం అప్పటికే లేచి వస్తోంది.

బల్ల మీద సూత్రాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"అతని పేరేంటి సాల్మన్?"

"అడగలేదు పిన్నీ."

"ఊరు?"

"చెప్పలేదు." సాల్మన్ తల దించుకున్నాడు. "మనం చెప్పనివ్వలేదు."

ఆమె గుప్పిట మూసుకుంది.

మూడేళ్ళ కిందట ఫోన్లో 'తిట్టకూడదు మరి' అని శాలిని ముందే బతిమాలుకున్నది, ఆ అల్లుడి కోసమే.