ఇంజను మాట

…ఈ చప్పుడు క్రాంకుదే అయితే ముందు చిన్నగా మొదలై తర్వాత పెరుగుతుందట. ఇది పెరగడం లేదు, తగ్గడం లేదు. మరి ఇదేమిటి? అసలు బయట ఏ చప్పుడూ లేదేమో, తన తలలోనే ఉందేమో. నాడి కూడా ఇలాగే కొట్టుకుంటుంది కదా. నూజివీడు దాటి విస్సన్నపేట రోడ్డెక్కిన దగ్గర్నుంచీ శేషగిరిరావు మనసు తన పాత స్కూటరు ఇంజను చుట్టూనే తిరుగుతోంది.

టక్. టక్. టక్.

యాక్సిలరేటరు తగ్గించాడు. చప్పుడు ఆగిపోయింది.

వెనక నుంచి బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చి, వాళ్ళని దాటి, ముఖాన ఇంత దుమ్ము కొట్టి పోయింది. కిటికీలోంచి చిన్నరాయప్ప తల బయటపెట్టాడు. అతనిదీ మామిడికాయల వ్యాపారమే. ఇద్దరూ బయల్దేరింది ఒకే తోట కోసం.

"నిదానంగా రండి శేషగిరిరావుగారూ. మీకు పచ్చడికాయలు రెండు అట్టే పెడతాలెండి" అని అరిచాడు.

తోట శేషగిరిరావు భార్య పుష్పావతి మేనమామది. అయినా ఆయన పద్ధతి ఆయనది. ముందు గుమ్మం ఎక్కినవాడితోనే ముందు బేరం. చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. వేళ్ళు కుదిరాయంటే రెండో మనిషికి మంచినీళ్ళే. ఆ విద్యలో శేషగిరిరావుకి పేరుంది. అవతలివాడు ఎన్ని వేళ్ళు పెట్టాడో, అందులో ఏ వేలు వణికిందో కూడా చూడకుండానే చెప్పగలడు.

"ఏంటండీ, బస్సుని పోనిచ్చారా?" అంది వెనక సీటు మీంచి పుష్పావతి.

"క్రాంకు కొట్టుకుంటోంది. నీకు వినబడలా?"

"ఇంజన్ల సంగతి నాకేం తెలుసు."

"నేనొక్కణ్ణే వెళ్తే ఈ చప్పుడు రాదు. నువ్వెక్కితేనే వస్తోంది. బరువు."

అతను మళ్ళీ వేగం పెంచాడు. చప్పుడు ఈసారి ఇంకాస్త గట్టిగా వచ్చింది.

కొత్త స్కూటరుకి పేరు రాయించి ఏళ్ళయినా వంతు రాలేదు. అందుకని మెకానిక్ సలోమోనే ఈ పాతదానికి బోరు పెంచి, కార్బరేటరు మార్చి పరుగు నేర్పాడు. "ఇక గుర్రమేనండీ. కాళ్ళు మాత్రం పాతవే" అన్నాడు, పిస్టన్ కింద తిరిగే క్రాంకుని చూపించి. "టక్ టక్ అంటే నెమ్మదించండి. లేదంటే ఇంజను పట్టేస్తుంది, దాంతో వెనక చక్రమూ పట్టేస్తుంది. అప్పుడు దేవుణ్ణి తర్వాత తలుచుకోండి, ముందు క్లచ్ నొక్కండి." పక్కన నిలబడి పుష్పావతి కూడా ఆ మాటలు విన్నది.

టక్. టక్.

చెట్లు లేని చోటు వచ్చింది. కుడిపక్కన ఎండ. ఎడమపక్క రోడ్డు అంచున వాళ్ళ నీడ వాళ్ళతోపాటే పరుగెడుతోంది. ఆ నీడలో అతని వెనక ఒక చెయ్యి లేచింది, దిగింది. టక్. మళ్ళీ లేచింది, దిగింది. టక్.

"పుష్పా."

"ఊఁ."

"ఆ చేతికి ఏముంది?"

"ఉంగరం. మీ అమ్మగారు పెట్టిందే."

"దాన్ని సీటు కమ్మీకేసి ఎందుకు కొడుతున్నావు?"

నీడలో ఆ చెయ్యి దిగింది, మళ్ళీ లేవలేదు.

"నెమ్మదిగా పొండి నెమ్మదిగా పొండి అని నోరు నొప్పెట్టేలా చెప్పాను. విన్నారా? అదే ఇంజను చెప్తే వింటున్నారు."

"దీని కోసం రెండుసార్లు ఇంజను విప్పించాను."

"విప్పించమన్నానా? నెమ్మదిగా పొమ్మన్నాను."

కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా అతనికి రాలేదు. ఇన్నాళ్ళూ తన చెవుల్ని అనుమానించాడు, నిద్రని అనుమానించాడు, రాత్రిళ్ళు తలగడకి చెవి ఆన్చి తన బుద్ధినే అనుమానించాడు. ఒక్క వెనక సీటునే అనుమానించలేదు. క్రాంకు బాగానే ఉంది. తనూ బాగానే ఉన్నాడు. ఒళ్ళంతా దూదిలా తేలికైంది.

యాక్సిలరేటరు చివరిదాకా తిప్పేశాడు.

"వద్దండీ. ఏవండీ, మీకే చెప్పేది."

"కొట్టుకో. నీ ఇష్టం వచ్చినంతసేపు కొట్టుకో" అన్నాడు నవ్వుతూ.

బస్సు తర్వాతి ఊళ్ళో జనాన్ని ఎక్కించుకుని అప్పుడే కదులుతోంది. స్కూటరు దాని పక్కకి వచ్చింది. కిటికీలో చిన్నరాయప్ప బీడీ వెలిగించుకోబోతూ ఆగిపోయాడు. శేషగిరిరావు అతనికి మర్యాదగా తలూపి, బస్సుని దాటి, అది వెనకెక్కడో చిన్నదైపోయేదాకా పోనిచ్చాడు.

టక్. టక్. టక్. టక్.

"ఇంక ఆపవే తల్లీ. తెలిసిపోయిందిగా."

"ఏం ఆపాలి?" సన్నబడ్డ గొంతు సరిగ్గా చెవి పక్కనే వినిపించింది.

తువ్వాలు కింద అలవాటు ఎక్కడికి పోతుంది? చూడకుండానే లెక్క తెలిసిపోయింది. కుడి భుజాన్ని పట్టుకుని అయిదు వేళ్ళు. ఎడమ భుజాన్ని పట్టుకుని అయిదు, ఉంగరం వేలితో సహా. పదీ వణుకుతున్నాయి.

టక్. టక్. కర్ర్.

క్లచ్ నొక్కాడు. స్కూటరు మాటా పలుకూ లేకుండా కొంతదూరం దొర్లి రోడ్డు పక్కన నిలబడింది. వెనక హారన్ దగ్గరవుతోంది. శేషగిరిరావు చొక్కా మీద దుమ్ము దులుపుకుని, రోడ్డు మధ్యకి వచ్చి, చిన్నరాయప్ప బస్సుకి చెయ్యెత్తాడు.