మెసయీద్‌లో జపాన్ గది

"కొయ్యాల్నా సార్? ఒక్కసారి కోస్తే మళ్ళ అతకది" అన్నాడు రాజనర్సు, భోజనాల బల్ల కాలికి రంపం ఆనించి.

సత్యనారాయణ చేతిలోని రంగుల పుస్తకంలోకి మరోసారి చూశాడు. జపాన్‌లో ఏదో ఖరీదైన పాతకాలపు సత్రం గదుల ఫొటోలవి. అక్షరం ముక్క అర్థం కాకపోయినా, బల్ల మోకాలెత్తు కూడా లేదన్న సంగతి మాత్రం స్పష్టంగానే కనిపిస్తోంది.

"కొయ్యి. బుధవారం ఆయన దిగేసరికి గది అచ్చం ఇలాగే ఉండాలి."

దోహాకి దగ్గర్లోని మెసయీద్‌లో ఒక జపాన్ కంపెనీ గెస్ట్‌హౌస్‌కి సత్యనారాయణ మేనేజరు. రాజనర్సు జగిత్యాల వైపు నుంచి పోయిన నెలే వచ్చిన వడ్రంగి. ఇప్పుడు టోక్యో నుంచి నకహారా అనే పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. గెస్ట్‌హౌస్ కాంట్రాక్టు ఇంకో మూడేళ్ళు పొడిగించాలా వద్దా అన్నది ఆయన చేతిలో పని. వద్దంటే ఇక్కడి తొమ్మిదిమంది వీసాలూ క్యాన్సిలే. అందుకని దోహా ఆఫీసువాళ్ళు ఈ పుస్తకం పంపించి, "ఒక గది ఇలా చెయ్యండి, ఆయనకి ముందుగా చెప్పకండి, చూసి ఆశ్చర్యపోవాలి" అని హుకుం జారీ చేశారు. దానికి కావలసిన సామాను మాత్రం ఇంకా ఓడలోనే ఉంది. చేతిలో ఉన్నది మూడు రోజులు.

చాపలు దోహాలో మలయాళీ కొట్లో దొరికాయి. కాగితం తలుపులు ఎక్కడా దొరకలేదు. రాజనర్సు చెక్కతో చట్రాలు బిగించి, వాటికి సత్యనారాయణ తెల్ల పంచెలు రెండు సాగదీసి కొట్టాడు.

"జరీ అంచు కనబడుతోంది కదయ్యా?"

"కనబడనియ్యుండ్రి సార్. మంచిగనే ఉన్నది."

పక్క సంగతి సత్యనారాయణ భార్య అరుంధతి చూసుకుంది. ఫొటోలో మంచం లేదు, నేలమీద మందంగా పరిచి ఉంది. ఆవిడ తన పాత నూలు చీరలన్నీ తీసి రెండు రోజుల్లో బొంత కుట్టి పారేసింది.

"చీరలని తెలిస్తే ఆయనేమనుకుంటాడో" అని నసిగాడు సత్యనారాయణ.

"ఆయన కుట్టు చూడ్డానికొస్తున్నాడా, పడుకోడానికొస్తున్నాడా? మెత్తగా ఉందో లేదో చెప్పండి చాలు."

మెత్తగానే ఉంది. గోడ గూట్లో ఇత్తడి చెంబు పెట్టి, అందులో ఒక కాగితం పూల కొమ్మ కూడా గుచ్చిందావిడ.

బుధవారం మధ్యాహ్నం పక్క పరుస్తూ పరుస్తూ రాజనర్సు ఆగిపోయాడు.

"సార్, ఫొటోల దిండు గూడు దిక్కున్నది. మన గూడేమో ఉత్తరానికున్నది. ఉత్తరం దిక్కు తలపెట్టి మనిషిని పండవెడ్తరా ఎవలన్న?"

"ఆయనది జపానయ్యా బాబూ. ఫొటోలో ఎలా ఉంటే అలా వెయ్యి."

"జపానోడైతే పాణం కాదా సార్? నేనైతే వెయ్య. క్యాన్సిల్ చేస్తే చెయ్యుండ్రి."

వీసా పోతుందన్న భయంతో మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినని మనిషి ఆ మాటనేసరికి సత్యనారాయణే వంగి దిండు అందుకున్నాడు. దిండు తూర్పుకి మారింది.

నకహారా సాయంత్రం దిగాడు. అరవై దాటిన సన్నటి మనిషి. గుమ్మం ముందు వీళ్ళ చెప్పులు చూసి, తనూ బూట్లు విప్పి పక్కనే సర్దాడు. గదంతా ఒకసారి కలయజూసి, తలుపు దగ్గరికి వెళ్ళి జరీ అంచుని వేలితో మెల్లగా తడిమాడు.

"చాలా బావుంది" అన్నాడు నకహారా ఇంగ్లీషులో.

స్నానాల గదిలో ఫొటోలో ఉన్నట్టే చిన్న పీట, బకెట్టు, చెంబు పెట్టారు. ఫొటోలోని నీలం అంగీ దొరక్క రాజనర్సు తన కొత్త లుంగీ ఇచ్చాడు. నకహారా దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తే, ఎలా కట్టుకోవాలో అతనే చూపించాడు.

రాత్రి భోజనానికి కాళ్ళు కోసిన బల్లమీద తొమ్మిది చిన్న గిన్నెలు చేరాయి. ఫొటోలోనూ తొమ్మిదే. పప్పు, వేపుడు, చారు, పెరుగు, ఇంకా ఏవేవో వండింది అరుంధతి. అన్నం తినే పుల్లలు దొరకలేదని సత్యనారాయణ ఇంగ్లీషులో తడబడుతుండగానే, నకహారా చెయ్యి కడుక్కుని, రాజనర్సు వైపు చూసి, ఎలా కలపాలని సైగ చేశాడు. చారు గిన్నె ఎత్తుకుని తాగి, మళ్ళీ పోయించుకున్నాడు.

పొద్దున ఏడింటిదాకా లేవలేదు. లేచాక, "ఈ గది ఎవరు తయారుచేశారు?" అని అడిగాడు. సత్యనారాయణ భయపడుతూనే రాజనర్సుని, అరుంధతిని చూపించాడు. నకహారా ఇద్దరికీ నడుం వంచి నమస్కారం పెట్టాడు. తర్వాత కాంట్రాక్టు కాగితాలు తెప్పించుకుని, బల్ల ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని మూడేళ్ళకీ సంతకం చేశాడు.

కారు గేటు దాటింది. రాజనర్సు మెట్లమీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"బతికినం సార్."

"బతికామయ్యా. పంచెలూ చీరలూ పెట్టి జపానాయనకే జపాన్ చూపించాం. ఒక్క తేడా అయినా పట్టుకోలేకపోయాడు చూశావా" అన్నాడు సత్యనారాయణ ఛాతీ విరుచుకుని.

లోపల్నుంచి అరుంధతి నవ్వు వినిపించింది. అతిథులు అభిప్రాయం రాసే పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏం రాశాడే?"

"మీరే చదువుకోండి."

నకహారా గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం రాశాడు.

"అసలైన భారతీయ గదిలో పడుకోవడం నాకిదే మొదటిసారి."