నిన్నటి పులుసు

"నిన్నటి పులుసు ఉందా అమ్మా?"

ఆ మాట వినగానే మాల్యాద్రి చేతిలోని గరిటె జారి అన్నం గిన్నెలో పడింది.

అడిగినావిడకు అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు, చేతిసంచి, నలగని నేతచీర. బస్సు దిగి నేరుగా హోటల్లోకి వచ్చింది. కూర్చోకముందే వంటింట్లోకి తొంగి చూసింది. బల్ల మీద వేలితో గీసి, ఆ వేలిని కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని చూసింది.

చిల్లకూరు హైవే మీద సుభాషిణి చేపల పులుసంటే పేరు. గూడూరు స్టేషన్ బయట తోపుడుబండితో మొదలుపెట్టి, రేకుల షెడ్డు దాటి, ఈ హోటలు దాకా వచ్చింది. ఇక ఊరూరా బ్రాంచీలు పెట్టాలని ఆమె కోరిక. మొదటిది తడలో. రొయ్యల చెరువుల పద్మనాభయ్య గారు పెట్టుబడి పెడతానన్నారు. ఈ సాయంత్రం వచ్చి, రుచి చూసి, మాట ఇస్తానన్నారు.

ఆయన కోసమే నిన్న మట్టికుండలో మామిడికాయ వేసి కొరమీను పులుసు కాచి ఉంచింది. మర్నాటికి గానీ ముక్కకు పులుసు పట్టదు కదా!

మాల్యాద్రి పెళ్ళాన్ని పక్కకు లాగాడు.

"మేయ్, ఆఫీసరమ్మ! నిన్న పక్క హోటల్లో నిలవ కూరలు పట్టుకున్నారంట. వేలితో గీసింది చూసినావా?"

"మరి కుండ యాడ దాచేది?"

"దాచేదేంది, పారబోస్తా!"

"వొద్దయ్యా! సాయంత్రం పెద్దాయన..."

"బ్రాంచీ తర్వాత. ముందు ఉన్న హోటలుకు తాళం పడతాది!"

సుభాషిణి కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"నిన్నటిదా! పోలేరమ్మ తోడు, మా దగ్గర నిన్నటి కరివేపాకు కూడా ఉండదమ్మా."

"భయపడబాకమ్మా. మా ఇంట్లో కూడా మర్నాడే తింటాం. ఉంటే కాస్త పెట్టు."

"అట్టనే అంటారు. పడిపోబాక," వెనక నుంచి మాల్యాద్రి గొణిగాడు.

అప్పుడే లారీ ఆపి ప్రసాద్ వచ్చాడు. రోజూ ఇక్కడే తినే మనిషి.

"అక్కా, ఆకెయ్యి. నిన్నటి పులుసే పొయ్. కొత్తది నాకొద్దు."

"ఎవరయ్యా నువ్వు? నిన్నెప్పుడూ చూడలే!"

ప్రసాద్ నోరు తెరిచాడు.

"నేనక్కా... రాత్రి కూడా నీ చేత్తోనే కదా వడ్డించినావు!"

"ఏ హోటలనుకోని వచ్చినావో! పోవయ్యా!"

ప్రసాద్ బయటికి వెళ్ళి, బోర్డు చదువుకుని, తల గోక్కున్నాడు.

పెరట్లో కుండ బోర్లించిన చప్పుడు. వెంటనే కాకులు. మండలంలోని కాకులన్నిటికీ కబురందినట్టు ఒకటే అరుపులు.

"ఏందమ్మా ఆ గోల?"

"ఏమోనమ్మా, వానొస్తాదేమో."

మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతోంది. పెద్దావిడ గుమ్మంలోంచి ఆకాశం వంక చూసింది.

అప్పుడే దించిన పులుసు వడ్డించారు. ఆమె రెండు ముద్దలు తిని, మూడోది కలుపుతూ ఆగింది.

"ముక్క ముక్కగానే ఉండాది, పులుసు పులుసుగానే ఉండాది. రెండూ కలవలేదమ్మా."

"అంతా తాజా అమ్మా! పొయ్యి మీంచి నేరుగా ఆకులోకి!"

"తెలస్తానే ఉండాది," అని చెయ్యి కడుక్కుంది. డబ్బివ్వబోతే మాల్యాద్రి రెండు చేతులూ జోడించాడు. ఆమె దిగులుగా నవ్వి, నోటు గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది.

బస్సు కనుమరుగయ్యాక మాల్యాద్రి తువ్వాలు గిరగిరా తిప్పాడు.

"గండం గడిచింది మే!"

సుభాషిణి ఆ సంతోషంలోనే మళ్ళీ పొయ్యి వెలిగించి, పెద్దాయన కోసం ఇంకో కుండ ఎక్కించింది. లారీ దగ్గరికి వెళ్ళి ప్రసాద్‌ను బతిమాలి పిలుచుకొచ్చింది.

పొద్దు వాలింది. కారు రాలేదు. ఆమే ఫోన్ చేసింది.

"అయ్యా, బయల్దేరినారా?"

"రావడం లేదమ్మా. బ్రాంచీ మాట ఇంక వొద్దులే," పద్మనాభయ్య గారు నొచ్చుకుంటూ అన్నారు.

"అదేందయ్యా! మీరు రుచైనా చూడకుండానే?"

"నాకేం తెలుసమ్మా రుచి! కారులో వస్తే మర్యాదల్లో ముంచుతారని, పొద్దున బస్సెక్కి మీ దగ్గరకొచ్చి తినిపోయింది మా ఇంటావిడే."